బస్తా మీది అంకె ఒక్కటే చూసి దాణా కొనకండి

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్లలో పశువుల మేత చాలావరకు అడవిదే. గడ్డి మాడిపోయాకో, గేదె ఈనాకో దాణా గుర్తొస్తుంది. బస్తా మీద ‘మాంసకృత్తులు 20 శాతం’ అని ఉంటే ఇంకేం చూడం. ఆ అంకె చెప్పేది సగమే.

ల్యాబులో మామూలుగా మాంసకృత్తులను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చిస్తారు. యూరియాలో నత్రజని 46 శాతం. ఆ లెక్కన క్వింటా దాణాలో కిలో యూరియా పడితే చాలు, 17 శాతం సరుకు కాస్తా దాదాపు 20 చూపిస్తుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ కలిపింది కూడా ఈ కిటుకుతోనే. నెమరువేసే పశువు కొద్దిపాటి యూరియాను అరాయించుకోగలదు. మోతాదు మించితే అమ్మోనియా విషమై గంటల్లోనే ప్రాణం పోతుంది.

చేయవలసినవి

• గుప్పెడు తవుడు గాజు గ్లాసు నీళ్లలో వేసి కలపండి. ఊక పైకి తేలుతుంది, ఇసుక అడుగుకు దిగుతుంది. హల్లర్ మిల్లు తవుడులో ఊక పొడి ఎటూ ఉంటుంది. అలాంటప్పుడు ధరా అలాగే ఉండాలి కదా!

• బస్తా మీద పశువుల దాణా ప్రమాణమైన ఐఎస్ 2052 గుర్తు వెతకండి. మొదటి రకంలో మాంసకృత్తులు 22, రెండో రకంలో 20 శాతానికి తగ్గకూడదు. తేమ 11 శాతం దాటకూడదు. పీచు ఎంతో, యూరియా కలిపారో లేదో కూడా చదవండి.

• అనుమానం వస్తే నాలుగైదు బస్తాల్లో పైన, నడుమ, అడుగున తీసి కలిపి, అందులో అరకిలో పొడి కవర్లో కట్టి పశువైద్యుడికి ఇవ్వండి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం లాంటి చోట పరీక్ష చేయించే దారి ఆయన చెబుతారు. మాంసకృత్తులతో పాటు యూరియా, ఇసుక, బూజు విషమైన అఫ్లాటాక్సిన్ కూడా చూడమనండి.

• ఒంటి పోషణకు రోజుకు కిలో నుంచి కిలోన్నర. ఆపైన ఆవుకు రెండున్నర లీటర్ల పాలకు, గేదెకు రెండు లీటర్లకు ఒక కిలో చొప్పున. కొత్త దాణా వారం పది రోజుల్లో మెల్లగా అలవాటు చేయండి.

చేయకూడనివి

• బూజు పట్టిన పల్లి చెక్క, తడిసిన మొక్కజొన్న పెట్టొద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది బూజు పట్టిన పల్లి పిండి వల్లే. అఫ్లాటాక్సిన్ బయటపడింది అప్పుడే. బూజు దులిపి ఎండబెట్టినా విషం పోదు. పాలలోకి దిగినది కాచినా పోదు.

• చవకని ఇప్ప చెక్క పెట్టొద్దు. నూనె తీశాక మిగిలే ఆ చేదు చెక్కలో సపోనిన్లు ఉంటాయి. చేపల చెరువుల్లో అక్కర్లేని చేపలను చంపడానికి చల్లేది దాన్నే. అది తొట్టిలోకి ఎందుకు?

• అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్‌పామ్ తోటలున్నాయి కాబట్టి ఒక మాట. ఆ గింజ చెక్క గేదెలకు కొంత పెట్టొచ్చు గానీ, గొర్రెలకు వద్దు. అందులోని రాగి వాటి కాలేయంలో పేరుకుని, ఒకరోజు ఉన్నట్టుండి చంపుతుంది.

• లేగదూడలకు యూరియా దాణా, పత్తి చెక్క పెట్టొద్దు. ఎరువు బస్తాలు కుడితి తొట్టి దగ్గర కడగొద్దు.

• మిగిలిన అన్నం, బియ్యం, మొక్కజొన్న ఒక్కసారిగా కుమ్మరించొద్దు. కడుపు పులిసి పశువు పడిపోతుంది. దీనికి వంటసోడా వాడతారు. యూరియా విషానికైతే వెనిగర్, చల్లటి నీళ్లు. ఒకదానికి మరొకటి పోస్తే ఉన్న విషం ముదురుతుంది. ఏం తిన్నదో తేలకపోతే ఏదీ పోయకండి. పడుకుని గిలగిలలాడే పశువు గొంతులో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1962కు ఫోన్ చేయండి. తొట్టిలో మిగిలిన దాణా, బస్తాకు కుట్టిన చీటీ పారేయకుండా డాక్టరు వచ్చేదాకా ఉంచండి.