ఖాళీ గడుల వెంట మనుబోలు

నెల్లూరు నుంచి నేలపట్టుకి హైవే మీద పోయే పక్షి ప్రేమికులకి మనుబోలు దారిలో తగిలే ఊరు. ఆగేవాళ్లు తక్కువ. నేలపట్టు చెరువుల్లో చెట్ల నిండా గూడబాతులుంటాయి, ఇంకాస్త కిందికి పోతే పులికాట్‌లో రాజహంసలుంటాయి. మనుబోలులో ఉన్నవి వరిమళ్లు, రొయ్యల గుంటలు, తుమ్మచెట్లు, కండలేరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, పక్షులు చూడాలనిపిస్తే ఇక్కడి కుర్రాడు కూడా బైకు తీసి నేలపట్టు దారే పడతాడు.

ఆ బైకు తియ్యకుండా, ఒక ఏడాది సొంత మండలంలోనే తిరుగుతానని పంతం పట్టే మనిషి కోసం ఈ నాలుగు మాటలు.

ఆ పంతాన్ని ఎన్ని జాతులు చూశామన్న లెక్క మీద పెట్టుకోవద్దు. అంకె పెంచాలనుకునేవాడు పక్షులు దండిగా దొరికే చోటికే, దొరికే వేళకే పోతాడు. తెలిసినదాన్నే మళ్లీ మళ్లీ రాస్తాడు. పక్షుల నమోదు వెబ్‌సైటు ఈబర్డ్‌లోనో, మీ సొంత నోటుబుక్కులోనో ఉన్న జాబితాని పన్నెండు నెలల గడులుగా గీసి చూడండి. మామూలుగా నిండి ఉండేవి చలికాలపు ఆదివారం ఉదయాలు. రోహిణికార్తె మధ్యాహ్నం ఖాళీ. ఆషాఢం ఖాళీ. రాత్రుళ్లయితే మొత్తం ఖాళీయే. ఆ వేళల్లో పక్షులు ఎక్కడికీ పోలేదు, మనమే ఇంట్లో ఉన్నాం.

మన ఓపిక ఎక్కడ తెగుతుందో, దేనికి జంకుతామో, ఎవరిని అడగడానికి మొహమాటపడతామో ఆ ఖాళీలు చూపించినంత స్పష్టంగా ఏ వ్యక్తిత్వ పరీక్షా చూపించదని నా నమ్మకం.

కలివికోడి సంగతే చూడండి. జెర్డాన్ అనే డాక్టరు 1840లలో మన నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. ఆయన పేరే ఇంగ్లీషులో ఈ పక్షికి మిగిలింది. 1900లో క్యాంప్‌బెల్ అనే ఆయన చూశాక మళ్లీ 86 ఏళ్లు ఎవరి జాబితాకీ ఎక్కలేదు. సలీం అలీ అంతటివాడు వెతికినా దొరకలేదు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లా సిద్ధవటం వైపు పల్లెల్లో బొమ్మ చూపించి అడుగుతూ తిరిగాడు. చివరికి దాన్ని రాత్రిపూట పట్టింది అక్కడి మనిషే. అది చీకట్లో తిరిగే పక్షి మరి. దేశం అంతరించిందనుకున్న పక్షి ఆ పొదల పక్కవాళ్లకి తెలిసిన పక్షే.

జెర్డాన్ కూడా నెల్లూరులో ఒంటరిగా నేర్చుకోలేదు, ఇక్కడి యానాదుల దగ్గర నేర్చుకున్నాడు. 1862 నుంచి అచ్చయిన ఆయన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో చాలా పక్షులకి తెలుగు పేర్లు కనబడతాయి. చీమల్ని కూడా వదలకుండా 1851లో దక్షిణ భారత చీమల మీద ఒక పట్టిక అచ్చువేశాడు. మన మండలంలో ఎన్ని రకాల చీమలున్నాయో ఎవరైనా రాశారా? అది కూడా ఒక గడే.

కోతలయ్యాక గట్ల వెంట ఎలుకల కోసం తిరిగే యానాది పెద్దాయన మీకు కనబడితే, ఫోన్లో బొమ్మ చూపించి "ఇది ఇక్కడుందా?" అని అడక్కండి. మర్యాదకైనా ఉందనేస్తాడు. "పెద్దాయనా, రాత్రిపూట ఈ పొలాల్లో ఏమేం అరుస్తాయి?" అని అడిగి ఊరుకోండి. ఆయన చెప్పేదాకా ఆగడం మనలో చాలామందికి రాని విద్య. ఈ పంతం నేర్పేవాటిలో నేను అన్నిటికన్నా విలువైనదనుకునేది అదే.

ఇంకో రకం ఖాళీ మన బద్ధకం వల్ల వస్తుంది. గుంట గట్టు మీద బురదలో పొడిచే గోధుమరంగు పిట్టలన్నిటినీ ఉల్లంకి అని ఒకే గీతలో రాసేస్తాం. కాసేపు నిలబడి చూడండి. ఒకటి తోకభాగాన్ని ఆపకుండా పైకీ కిందికీ ఊపుతుంటుంది, దాని పొట్ట తెలుపు రెక్క ముందు నుంచి భుజం మీదికి పాకి ఉంటుంది. ఇంకోదానికి కంటి మీద తెల్లటి గీత, వీపు నిండా లేతరంగు చుక్కలు. మూడోది దాదాపు నల్లగా ఉండి, లేచి ఎగిరినప్పుడు తోక మొదట తెల్లగా మెరుస్తుంది. ఒకే గట్టు మీద మూడు జాతులు. ఏది ఏదో తేలకపోతే 'గుర్తుపట్టలేదు' అని రాయడమే పద్ధతి. అంకె కోసం ఊహని నిజంగా రాసిన జాబితా ఖాళీ గడికన్నా చెరుపు చేస్తుంది.

ఈబర్డ్ ప్రతిసారీ ఒక ప్రశ్న అడుగుతుంది: గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా? అవునని చెప్పాలంటే కాకిని, గోరింకని, గుడ్డికొంగని కూడా రాయాలి. అప్పుడే రాయనిది కనబడలేదని అర్థమవుతుంది. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికకి దాదాపు 30 వేలమంది ఇచ్చిన 3 కోట్ల నమోదులు ఆధారం. పరిశీలించిన 942 జాతుల్లో 338కి మాత్రమే దీర్ఘకాలంలో పెరిగాయో తగ్గాయో తేల్చగలిగారు. తేలినవాటిలో 60 శాతం తగ్గాయి. తేలని జాతుల గురించి అలా చెప్పడానికి తగినంత సమాచారం లేదు. మీరు మే నెల మధ్యాహ్నం మనుబోలులో రాసే కాకి లెక్కకి విలువ అందుకే.

రొయ్యల గుంటల దగ్గర కాపలావాళ్లు పక్షుల్ని టపాకాయలతో తరుముతుంటారు, బైనాక్యులర్ పట్టుకున్న మనిషిని అనుమానంగానే చూస్తారు. ముందే రైతుకి చెప్పి వెళ్లండి. రాత్రిపూట బూట్లు, టార్చి, తోడు తప్పనిసరి. ఎక్కడికి పోతున్నారో ఇంట్లో తెలిసి ఉండాలి. పిట్టని రప్పించడానికి ఫోన్లో దాని కూత వినిపించొద్దు.

ఒకేసారి అన్ని గడుల మీదా పడొద్దు. ఒక చోటు, ఒక వేళ ఎంచుకుని మూడు నెలలు వదలకుండా చూడండి. ఈశాన్య రుతుపవనాలతో మళ్లలోకి నీళ్లు చేరి, వలస ఉల్లంకులు దిగే అక్టోబరు మంచి ముహూర్తం. అందాకా ఆగలేనంటే, ఈ వారం మీకు కుదరదనిపించే వేళ ఏదో చూసి, ఆ వేళకే ఒక పావుగంట గట్టు మీద నిలబడండి.