పోటీ పరీక్షల ప్రత్యేకం: స్టిల్ లైఫ్ పూలు, బతుకమ్మ పూలు

కదలని వస్తువులను గీస్తే స్టిల్ లైఫ్. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులది ఇందులో పెద్ద పేరు. వాడిన పువ్వు పక్కన పుర్రె, కొవ్వొత్తి కనిపిస్తే ‘వానిటాస్’ చిత్రం: బతుకు క్షణికమని భావం. తెల్ల లిల్లీ పవిత్రతకు గుర్తు. తులిప్ ధరలు కూలిన ఏడాది 1637. పూల చిత్రాల్లో పేరొందిన మహిళ రేచల్ రాయిష్ (1664–1750).

ఉప్పల్, నాచారం (మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా, ఏర్పాటు 2016) వాకిళ్లలో బతుకమ్మ పండుగకు పూలను గీయరు, పేరుస్తారు. గునుగు కొసలు సమంగా కత్తిరించి, కొన్నింటిని రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, తాంబాళంలో వరుసలుగా ఎత్తుతారు. మధ్యమధ్య తంగేడు, బంతి. పైన పసుపు గౌరమ్మ. రెండో రోజుకే వాడే ఈ పూలు మాత్రం బతుకునే కోరతాయి!

తొలి రోజు ఎంగిలిపూల బతుకమ్మ, మహాలయ అమావాస్య నాడు. చివరిది సద్దుల బతుకమ్మ. ఆరో రోజు ‘అలిగిన బతుకమ్మ’, ఆ రోజు పేర్చరు. తప్పక చదవాల్సిన పాయింట్.

బతుకమ్మకు తెలంగాణ రాష్ట్ర పండుగ హోదా 2014. రాష్ట్ర పుష్పం తంగేడు (సెన్నా ఆరిక్యులేటా). బతుకమ్మలో గునుగు (సెలోషియా అర్జెంటియా) ఎక్కువ కనిపిస్తుంది కదా అని దానికి టిక్ పెట్టొద్దు. జమ్మి రాష్ట్ర వృక్షం. ఆంధ్రప్రదేశ్ పుష్పం మల్లె (2018).