కంప్యూటర్‌లో మీ కవల – దానికి కావలి ఎవరు?



ఇస్సాకుకు చూపు మందగించిన తర్వాత జరిగిన సంగతి మనందరికీ తెలిసినదే. యాకోబు తన కవల అన్న ఏశావు బట్టలు తొడుక్కొని, చేతులకు మేకపిల్లల చర్మం కప్పుకొని వచ్చాడు. గొంతు విని అనుమానం కలిగినా, తండ్రి చేతులు తడిమి చూసి నమ్మాడు. ఈ నెల పాఠం మరో రకం కవలను గురించి.

డిజిటల్ కవల అంటే ఏమిటి?

ఒక యంత్రానికి గానీ, మన అవయవానికి గానీ కంప్యూటర్‌లో తయారుచేసే నమూనాను 'డిజిటల్ ట్విన్' అంటారు. ఇది ఫోటో వంటిది కాదు. అసలు దాని కొలతలు ఎప్పటికప్పుడు అందుతూ ఉంటాయి కనుక దానితోపాటే మారుతుంది. గుండెకు ఇలాంటి నమూనా చేసి, చికిత్సను ముందుగా దానిపై పరీక్షించే పరిశోధనలు జరుగుతున్నాయి. కంప్యూటర్‌లోని మీ ఆరోగ్య రికార్డే ఇటువంటి కవలకు పునాది. 2022లో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ వెళ్ళి బీపీ, షుగరు చూసి ఈ-హెల్త్ ప్రొఫైల్ తయారుచేశారు.

ప్రమాదం ఎక్కడ?

షుగరు 110 ఉన్న రోగికి ఎవరో 310 అని మార్చారనుకోండి. ఆ అంకె నమ్మి ఇన్సులిన్ ఎక్కువ ఇస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆసుపత్రి కంప్యూటర్లపై దాడులు కట్టుకథలు కావు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగి, చాలా రోజులు కాగితాలపైనే పని నడిచింది.

బ్లాక్‌చెయిన్ ఏమి చేస్తుంది?

మన బాయి పద్ధతితో చెబుతాను. కార్మికుడు దిగేటప్పుడు మస్టర్ పడుతుంది. ల్యాంప్ రూమ్‌లో లైటు తీసుకున్నట్లు వేరే లెక్క ఉంటుంది. ఒకటి దిద్దితే రెండోది పట్టిస్తుంది. బ్లాక్‌చెయిన్‌లో ఒకే లెక్క అనేక కంప్యూటర్లలో ఉంటుంది. పైగా ప్రతి నమోదుకు వేలిముద్ర వంటి సంకేతం తయారై, తరువాతి నమోదులో చేరుతుంది. పాత అంకె ఒక్కటి మార్చినా ముద్రలు కలవవు, మోసం బయటపడుతుంది. రోగి వివరాలను ఆసుపత్రిలోనే గోప్యంగా ఉంచి, ముద్రను మాత్రమే ఈ గొలుసులో చేర్చడం మంచిది. మన తెలంగాణలో చిట్‌ఫండ్ల లెక్కలకు టి-చిట్స్ పేరుతో ఈ పద్ధతిని వాడారు.

నర్సులకు ఇది కొత్త కాదు. కేస్‌షీటులో తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, సరైనది రాసి, తేదీ, సమయం, సంతకం పెట్టాలి. కొట్టేసినది కూడా కనబడాలి.

మీరు చేయవలసినవి

మొదటే తప్పు రాస్తే బ్లాక్‌చెయిన్ ఆ తప్పునే భద్రంగా కాపాడుతుంది. వేరొకరి రక్తం గ్రూపు మీ పేరున పడితే దానికి తెలియదు. అందుచేత:

1. రిపోర్టు అందగానే పేరు, వయసు, రక్తం గ్రూపు సరిచూసుకోండి.
2. పడని మందు ఉంటే ప్రతిసారీ చెప్పండి.
3. 14 అంకెల ఆభా నంబరు ఉన్నవారు, ఫోన్‌లో అడిగే అపరిచితులకు ఓటీపీ చెప్పకండి.
4. పాత కాగితాలు పారవేయకండి.

సూది వేసే ముందు సిస్టర్ మళ్ళీ మీ పేరు అడిగితే విసుక్కోకండి. ఇస్సాకు పక్కన రెండో సాక్షి లేడు. మీ విషయంలో ఆ సాక్షి మీరే.

దేవుడు మీ కుటుంబాలను క్షేమముగా కాపాడును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్