మంగళాజోడి నేర్పు పాఠము

చెడిన సరస్సును బాగుచేయుటకు నీరు మారిన చాలునా? మనుష్యుడును మారవలెనా? ఒడిశా తీరమందలి చిలకా సరస్సు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుచున్నది.

1. నీరు మారిన విధము

చిలకాలో నదుల మంచినీరును సముద్రపు ఉప్పునీరును కలియును. 1981లో ఇది రామ్‌సార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలగా గుర్తింపబడెను. అయితే ఒండ్రుమట్టి మేటవేసి సముద్రముఖము పూడుకొనిపోగా నీటి ఉప్పదనము తగ్గెను, కలుపు ప్రబలెను, చేపలు తగ్గిపోయెను. 1993లో దీనిని ప్రమాదస్థితిలోనున్న చిత్తడి నేలల పట్టికలో చేర్చిరి. 2000 సెప్టెంబరులో క్రొత్త ముఖమును త్రవ్వగా ఆటుపోటులు మరల లోనికి వచ్చెను. 2002లో చిలకా పేరు ఆ పట్టికనుండి తొలగింపబడెను.

2. మనుష్యులు మారిన విధము

సరస్సు ఉత్తరపు ఒడ్డున మంగళాజోడి అను గ్రామము కలదు. పక్షులను చంపి అమ్ముట అచ్చట పలువురికి జీవనోపాధిగా ఉండెను. 2000 ప్రాంతమున వేటగాండ్రలో అనేకులు వేట మాని, పక్షులను కాపాడుటకు సంఘముగా కూడిరి. ఏ పక్షి ఏ వేళ ఎచ్చట మేయునో వారెరుగుదురు. ఒకప్పుడు ప్రాణము తీసిన ఆ జ్ఞానమే ఇప్పుడు కావలికాయుచున్నది, యాత్రికులకు దారిచూపుచున్నది. మారుమనస్సనగా ఎరిగినదానిని మరచుట కాదు, దాని గురిని మార్చుట. అయినను ఆకలిగొన్న యింట ప్రతిజ్ఞ నిలుచుట కష్టము. పడవ నడిపి సంపాదించిన కూలి ఆ ప్రతిజ్ఞకు ఊతమైనది.

3. చూడబోవువారు గమనింపవలసినవి

శీతకాలము ఇందుకు తగిన సమయము. గడతో నడుపు చిన్న పడవలో మెల్లగా సాగవలెను. గాడ్విట్ పక్షి తన పొడవైన ముక్కును బురదలో దించి పురుగులను వెదకును. సూదితోక బాతు తల నీట ముంచి, తోక పైకెత్తి అడుగునున్న గింజలను తినును. ఒకే మడుగులో ఎవరి మేత వారిదే. పక్షులు మేత మాని మెడలెత్తినయెడల మనము మితిమీరి దగ్గరకు వచ్చితిమని గ్రహించి ఆగవలెను. బెదరి ఎగిరిన ప్రతిసారియు దూరప్రయాణమునకు దాచుకొనవలసిన బలము వ్యర్థమగును. చక్కని ఛాయాచిత్రము కొరకు వాటిని లేపువాడు తుపాకి లేని వేటగాడే.

ఆలోచింపుడి

1. మీ ఊరి చెరువు చెడుటకు కారణమేమి? అందులో మీ పాలెంత?
2. హాని చేయుచున్నవానిని మాన్పించునప్పుడు, అతని కూటికి మనము చూపు మార్గమేమి?
3. మీ నేర్పులలో గురి మార్చవలసినది ఏది?