ఎరువులు – నేలలోని నులిపురుగులు

నులిపురుగు అనగానే వేరును తొలిచే శత్రువని తలచుట పరిపాటి. పైరును పీడించే జాతులు వాటిలో ఉన్న మాట నిజమే; కాని అన్నీ శత్రువులు కావు. చాలావరకు ఒక మిల్లీమీటరు పొడవైనా లేని ఈ జీవులు మట్టి రేణువుల చుట్టూ ఉండే పలుచని నీటిపొరలో సంచరిస్తవి. ఆహారాన్ని బట్టి వీటిని అయిదు వర్గాలుగా విభజింపవచ్చును: బాక్టీరియాను తినేవి, శిలీంధ్రాలను తినేవి, వేళ్ల రసం పీల్చేవి, పలువిధాల ఆహారం తీసుకొనేవి, తోటి సూక్ష్మజీవులను వేటాడేవి.

బాక్టీరియాలో నత్రజని అధికం. దానిని తిన్న నులిపురుగు తనకు కావలసినంత ఉంచుకొని, మిగిలినదానిని అమ్మోనియం రూపంలో నేలలోకి విడుస్తుంది. అది పైరుకు ఆహారమౌతుంది. వేటాడే జాతులు వేరు పీల్చేవాటిని కొంతవరకు అదుపులో ఉంచుతవి.

ఎరువుల ప్రభావం ఒక్క ఏటి దిగుబడిలో పూర్తిగా కనిపించదు. అందుకే ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం నేటికీ సాగుతున్నది. మన దేశంలోను 1970లో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగ పథకం ఆరంభమైనది. ఇటువంటి క్షేత్రాలలో సాధారణంగా తేలినదేమనగా, ఏటేటా పశువుల ఎరువు వేసిన మడిలో బాక్టీరియాను తినే నులిపురుగులు వృద్ధి చెందుతవి. ఏళ్ల తరబడి అమ్మోనియం సంబంధమైన నత్రజని ఎరువు ఒక్కటే వేస్తే నేల ఆమ్లగుణం పొందుతుంది. మెల్లగా పెరిగే సున్నిత జాతులు, ముఖ్యంగా వేటాడేవి, తగ్గిపోతవి.

మెట్టసేద్యంలో దీనికి తేమ సమస్య తోడగును. నీటిపొర ఆరితే నులిపురుగు కదలలేదు. కొన్ని జాతులు ముడుచుకొని అచేతనంగా ఉండి, వాన పడగానే తేరుకుంటవి. పశువుల ఎరువు నేలకు తేమ నిలుపుకొనే శక్తినిస్తుంది. కావున అది పైరుకే గాక ఈ జీవులకు కూడా ఆధారం.

అయితే ఎరువు సర్వరోగ నివారిణి కాదు. రాజస్థాన్‌లో గోధుమ, బార్లీ పైర్లను పీడించే మోల్యా తెగులుకు ఒక జాతి నులిపురుగే కారణం. దానిని అరికట్టుటకు పంటమార్పిడి, తట్టుకొనే వంగడాలు అవసరం.

తెలంగాణ మెట్టలలో జొన్న పండించే రైతు ఇంట పశువులు తగ్గితే పెంటకుప్ప కూడా తరుగుతుంది. అప్పుడు బస్తా ఎరువే దిక్కవుతుంది. రసాయనిక ఎరువును విడనాడవలెనని మన భావం కాదు. నేలను పరీక్షించి, తగు మోతాదులో, పశువుల ఎరువుతో కలిపి వాడుటే వివేకం. గింజల తూకంతోనే ఎరువు మంచిచెడ్డలను నిర్ణయించక, కంటికి కనిపించని ఈ జీవుల బాగోగులను కూడా లెక్కలోనికి తీసుకొన్ననాడే మన నేల మన తరువాతివారికి కూడా పండుతుంది.