ఎండుగడ్డి యేమగును?

చెట్టు రాల్చిన యాకును మనము చెత్తయని యూడ్చి పారవేయుదుము. అయినను నేలనుండి తీసికొన్న సత్తువను తిరిగి నేలకు చెల్లించునది ఆ యాకే. ఆ చెల్లింపు ఎట్లు జరుగునో, అసలు జరుగునో లేదో, మనుష్యులు భూమిని వాడుకొను తీరునుబట్టి యుండును. తూర్పు ఆఫ్రికాయందు టాంజానియా దేశములోని సెరెంగెటీ మైదానము దీనికి మంచి నిదర్శనము.

ఉష్ణమండలమునందు గడ్డి విస్తారముగను, చెట్లు అక్కడక్కడను పెరుగు ప్రదేశములను సవన్నాలందురు. అచట వానలకు ఏపుగా పెరిగిన గడ్డి, వానలు వెనుకబడగానే యెండిపోవును. ఆ యెండుగడ్డికి నాలుగు గతులు గలవు: మృగములు మేయుట, చెదలు తినుట, సూక్ష్మజీవులు కుళ్లబెట్టుట, అగ్ని దహించుట.

వీనిలో చెదల పని మిగుల వింతయైనది. మాక్రోటెర్మిస్ అను జాతి చెదలు ఎండుగడ్డిని, పుల్లలను తిని, పుట్టలో తమ మలముతో మడులు కట్టి, వానిపై బూజును పెంచును. గట్టి పీచును ఆ బూజు మెత్తపరచగా చెదలు దానిని భుజించును. పైనేల యెండి కుళ్లుట ఆగిపోయిన దినములలోను పుట్టలోని తేమవలన ఈ పని సాగుచుండును. మనదేశమున వానలకు చెదలపుట్టలపై మొలచు పుట్టకొక్కులును ఇట్టి బూజుతోటలనుండి పుట్టినవే.

అగ్ని పని వేరు. బూడిదలో సున్నము, పొటాషు నిలుచును గాని, నత్రజనిలో పెక్కుభాగము పొగతో గాలిలో కలిసిపోవును.

1890 ప్రాంతమున రిండర్‌పెస్టు అను పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాలో వ్యాపించి, ఆవులను, విల్డెబీస్టులను అడవి మృగములను అసంఖ్యాకముగా చంపెను. తరువాతి కాలమున మేయు మృగములు తక్కువై, మిగిలిన గడ్డి యేటేట కాలుచుండెను. పిమ్మట చుట్టుపట్ల పశువులకు టీకాలు వేయగా, 1960 తరువాత ఆ తెగులు విల్డెబీస్టులను విడిచెను. 1961లో సుమారు 2,50,000 ఉన్న విల్డెబీస్టులు 1977 నాటికి 10,00,000 దాటెను. గడ్డి పేడయై నేలను చేరెను, పేడపురుగులు దానిని మంటిలో కలిపెను, మంటలు తగ్గెను, చెట్లు హెచ్చెను. ఊరి పశువులకు వేసిన మందు అడవినేలనే మార్చినది!

సవన్నాను దున్ని మొక్కజొన్న వేసినచోట మరియొక మార్పు కలుగును. నాగలి పుట్టలను చెరిపి, మన్నును తిరుగవేసి గాలి తగిలించుటచే, నేలలో చిరకాలము నిలిచిన జీర్ణపదార్థము వేగముగా తరిగిపోవును. కోతయైన పిమ్మట దంట్లను మేతకో, వంటచెరకునకో కొనిపోయినచో కుళ్లుటకు ఏమియు మిగులదు. ఇందు రైతును నిందింప తగదు. పశువునకు మేతయు, పొయ్యికి చెరకును కావలెను గదా. కొంత చేనిలో విడుచుటయు, పేడను చేనికి మరల్చుటయు చేసిన, ఆ లోటు కొంత తీరును.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. సన్నకన్నుల వలసంచి యొకటి, పెద్దకన్నుల సంచి యొకటి కుట్టి, సమానముగా తూచిన యెండుటాకులను వానిలో నింపి, ఒకేచోట పాతవలెను. మూడు నెలల పిమ్మట తీసి, మన్ను దులిపి, ఎండబెట్టి మరల తూచవలెను. సన్నకన్నుల సంచిలో సూక్ష్మజీవులే ప్రవేశించును; పెద్దకన్నుల దానిలో చెదలును దూరును. రెంటి తరుగులోని భేదము చెదల మొదలగు పురుగుల వంతు. ఇట్టి జతలనే తోటలో నొకటి, దున్నిన చేనిలో నొకటి పాతినచో, భూమిని వాడుకొను తీరు ఆకు గతిని ఎట్లు మార్చునో త్రాసే చెప్పును.