కుట్టులో వదిలిన గుడ్డ

కొండాపూర్,
శుక్రవారం రాత్రి.

అమ్మడూ,

రేపు నువ్వు బొంబాయి రైలెక్కేటప్పుడు నాకు మాట పెగలదని తెలుసు, కళ్ళొత్తుకోవడంతోనే సరిపోతుంది. అందుకే నీ టూటూ పెట్టుకున్న ఆ గుండ్రటి సంచిలో ఈ ఉత్తరం దాస్తున్నాను. నువ్వు పక్క గదిలో చెయ్యి నుదుటిమీద వేసుకుని, అచ్చం మీ తాతయ్యలా నిద్రపోతున్నావు. బాల్కనీలోంచి చూస్తే హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఇంకా దీపాలు వెలుగుతున్నాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన కొత్తలో మీ అమ్మకు ఇటువైపు ఉద్యోగమొస్తే, ఈ బండరాళ్ళ మధ్య పిల్ల ఎలా ఉంటుందో అని నేను అన్నం సహించక వారం రోజులున్నాను. ఇప్పుడు నీ వంతు. ఈ బెంగ మన ఇంట్లో ఆడవాళ్ళకు నగల్లా తరానికీ తరానికీ చేతులు మారుతుంది కాబోలు.

నువ్వు బాలే నేర్చుకుంటానన్న రోజున నేను మొహం చిట్లించిన మాట నిజమే. గొడుగు విప్పినట్టు నడుం చుట్టూ నిలబడే ఆ టూటూ గౌను చూసి, "ఇదేం బట్టే, సగం కుట్టి వదిలేశారు" అన్నాను. నువ్వు అలగలేదు. నేను మిషను ముందు కూర్చుని సూదికి దారమెక్కిస్తుంటే, పక్కనే చతికిలబడి ఫోనులో బొమ్మలు చూపిస్తూ దాని కథంతా చదివి వినిపించావు. పారిస్‌లో 1832లో మారీ టాగ్లియోనీ అనే ఆవిడ 'లా సిల్ఫీడ్' ఆడినప్పుడు తెల్లటి గౌను గంటలా పిక్కలదాకా వేలాడిందట. అంతకు నూరేళ్ళ ముందు కమార్గో అనే ఆవిడ, తన పాదాల పనితనం జనానికి కనబడాలని, అంచు చీలమండల పైకి ఎత్తితే ఊరు నోరు నొక్కుకుందట. ఆ తర్వాత అడుగులు కష్టమైనకొద్దీ గౌను పొట్టిదవుతూ వచ్చి, చివరికి నడుం దగ్గర పళ్ళెంలా నిలిచింది. అది వింటుంటే కూచిపూడి డ్రెస్సులు కుట్టే నా పని గుర్తొచ్చింది, అమ్మడూ. కాలు ఏం చేస్తోందో చూసి, దానికి అడ్డం రాకుండా గుడ్డను పక్కకు తప్పించడమే కదా ముప్పై ఏళ్ళు నేను చేసింది!

మా మొవ్వలో చిన్నప్పుడు, కూచిపూడి వాళ్ళ భామాకలాపం చూసి వస్తూ దారంతా మా నాన్నను వేధించాను, ఆ సత్యభామగారి ఇల్లెక్కడ, ఒకసారి ఆ జడ ముట్టుకుని వస్తానని. ఆవిడ వేదాంతం సత్యనారాయణ శర్మగారనీ, మగవాళ్ళే ఆడవేషం కట్టడం ఆ ఊరి సంప్రదాయమనీ మా నాన్న ఎంత చెప్పినా నేను నమ్మలేదు. ఒంటిమీద మెరిసే నగలు తేలికైన కర్రతో చేసినవట, గంటలకొద్దీ ఆడే మనిషికి మెడ బరువెక్కకూడదని. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆడపిల్లలు బారులు తీరారు. నేను మిషను నేర్చేనాటికి పట్టుచీరను కోసి, పైజామాలా కుట్టి, ముందు కుచ్చిళ్ళు విసనకర్రలా విచ్చుకునేట్టు పెట్టడం మామూలైపోయింది. భరతనాట్యం వాళ్ళకంటే మనకు ఆ విసనకర్ర కాస్త పొడుగు, గుర్తుందా?

ఇంకో సంగతి చదివావు చూడు, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మద్రాసు రుక్మిణీదేవి గారు అన్నా పావ్లోవా నాట్యం చూసి మురిసి, ముందు బాలే నేర్చుకున్నారట. పావ్లోవాయే ఆవిణ్ణి మన నాట్యంవైపు మళ్ళించిందట. 1935లో రుక్మిణీదేవి గారు మొదటిసారి వేదికెక్కి భరతనాట్యం ఆడారు. ఆవిడ దుస్తులు కుట్టడంలో చెయ్యివేసింది మేడమ్ కజాన్ అని ఒక ఇటలీ ఆవిడట. అయితే నీ టూటూకీ నా కుచ్చిళ్ళకీ ఎక్కడో చుట్టరికముందన్నమాట. మర్నాడు నైలాన్ నెట్టు కోసం నీకంటే ముందు నేనే బేగంబజారుకు బయల్దేరాను.

ఇక నా చాదస్తం కాస్త వినాలి. 1862లో ఎమ్మా లివ్రీ అనే పిల్ల, నీకంటే నాలుగేళ్ళే పెద్దది, రిహార్సల్లో గౌనుకు గ్యాసు దీపం అంటుకుని, ఎనిమిది నెలలు మంచంమీద నరకం అనుభవించి పోయిందని చదివావు. మంట అంటని మందు పూసిన గుడ్డ ఉండి కూడా, బిరుసుగా ఉంటుంది, వన్నె తగ్గుతుంది అని వద్దందట. మన ఊళ్ళోనూ ఒకప్పుడు కాగడాలమీద గుగ్గిలం చల్లి, ఆ భగ్గుమన్న వెలుగులో పాత్రను ప్రవేశపెట్టేవారట. ఇప్పుడా దీపాలు లేవు, అయినా నా గుండె ఊరుకోదు. నడుం బిగుతైనా, బూటు కరిచినా, "బాగా కనిపిస్తున్నావు, ఓర్చుకో" అని ఎవరన్నా సరే, నోరు తెరిచి చెప్పు. వేళకు తిను. గౌను మాత్రం తలకిందులుగా వేలాడదియ్యి, పొరలు వాలిపోకుండా ఉంటాయి.

బిగుతంటే గుర్తొచ్చింది, 2010 డిసెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు కొట్టినప్పుడు, వాళ్ళలో పదకొండు మంది డ్రెస్సులు నేను కుట్టినవే. ఒక పిల్ల కొలతలిచ్చాక ఇంతలోనే ఒళ్ళు చేసింది, పొద్దున్నే చంక దగ్గర కుట్టు ఫట్టుమంది. పిల్ల ఏడుపు. నేను మాత్రం నవ్వాను, ఎందుకంటే లోపల రెండంగుళాల గుడ్డ వదిలే ఉంచాను. కుట్టు విప్పి అక్కడే సరిచేశాను. ఎదిగే పిల్లకు సరిగ్గా ఒంటికి అతికినట్టు కుట్టకూడదే అని మా అమ్మ నేర్పిన పాఠం అది.

నీ టూటూ వెనక మూడు వరసల హుక్కులెందుకని నేనడిగితే, "మళ్ళీ ఇంకొకరు వేసుకోవడానికి అమ్మమ్మా" అన్నావు. పోయిన డిసెంబరు ప్రోగ్రాం తర్వాత దాన్ని సర్దుతుంటే ఆ చివరి వరసలో నాలుగు హుక్కులు లేవు. తెగినవి కావు, కత్తెరతో నీటుగా కోసినవి. చిన్న తరగతి పిల్ల గౌను వెనక విచ్చుకుపోతే నువ్వే కోసి కుట్టిచ్చావని వాళ్ళమ్మ లిఫ్టులో చెప్పిందాకా నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ రాత్రే ఆ నాలుగూ తిరిగి కుట్టాను. కుట్టు వంకరగా ఉంటే నవ్వకు, చూపు ఆనడం లేదు.

ఈసారి నడుం దగ్గర లోపల రెండంగుళాలు వదిలాను. అక్కడ భోజనం బాగుంటే నీకే పనికొస్తుంది. లేదా ఎవరికైనా కావలసివస్తే, సంచి పక్క జేబులో సూది, తెల్లదారం, డబ్బా నిండా హుక్కులు పెట్టాను. కోసుకోనక్కర్లేదు.

చేరగానే ఫోన్ చెయ్యి.

మీ అమ్మమ్మ